డెన్మార్క్ తెలుగు సంఘాల పెద్దలకు: "వీళ్లింతే" అనే మాట మన సభల్లో ఆపండి

డెన్మార్క్‌లో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు. సంక్రాంతికీ ఉగాదికీ బతుకమ్మకీ హాలు మాట్లాడే దగ్గర్నుంచి, అందరూ వెళ్లిపోయాక కుర్చీలు సర్ది నేల తుడిచేదాకా శ్రమపడే అన్నయ్యలకూ వదినలకూ నమస్కారం.

ఈ మధ్య మన ప్రతి కార్యక్రమంలోనూ కొత్తగా వచ్చినవాళ్లని ఒకచోట కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పడం అలవాటయింది. చాలా మంచి పని. సీపీఆర్ నంబరు (ఇక్కడి పౌర గుర్తింపు సంఖ్య) ఎలా తెచ్చుకోవాలి, అద్దె ఇల్లు ఎక్కడ వెతకాలి, ట్యాక్స్ కార్డు సంగతేమిటి అన్నీ ఓపిగ్గా చెబుతున్నారు. అయితే వాటి మధ్యలో ఒక మాట తప్పకుండా దొర్లుతోంది: "డేనిష్ వాళ్లింతేనమ్మా." మనసు విప్పరు, ఇంటికి పిలవరు, పిలిచినా సరిగ్గా పెట్టరు, కారం తినలేరు, పిల్లలకి చాక్లెట్ కూడా వారం చూసి ఇస్తారు, పసిపిల్లల్ని చలిలో పడుకోబెడతారు. వింటున్న కొత్త అమ్మాయి ఇంకా ఒక్క డేనిష్ మనిషితో కూడా నిదానంగా మాట్లాడి ఉండదు. అయినా తలూపుతుంది. సోమవారం ఆఫీసుకి ఆ మాటని వెంటబెట్టుకునే వెళ్తుంది. లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా పలకరించకపోతే "చెప్పారుగా, వీళ్లింతే" అనుకుంటుంది. ఆ తర్వాత వాళ్లు పలకరించినా ఆమె చెవికి ఎక్కదు.

ఈ మాటని మన సభల నుంచీ మన వాట్సాప్ గ్రూపుల నుంచీ తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది నల్గొండ జిల్లా. మా యాస మాట్లాడే పాత్ర తెర మీదికొస్తే అయితే రౌడీ, కాకపోతే నవ్వించడానికి పెట్టిన మనిషి అన్నట్టుగా మన సినిమాలు దశాబ్దాలు నడిచాయి. హాస్టల్లో నేను నోరు తెరిచీ తెరవకముందే నవ్విన ముఖాలు నాకింకా గుర్తున్నాయి. రాయలసీమ వాళ్లనగానే బాంబులు, గోదావరి వాళ్లనగానే వెటకారం, వింధ్య దాటితే మనందరం కలిపి "మద్రాసీలు". ఇవన్నీ పడ్డవాళ్లం మనం. ఒక్క మాటతో ఒక ఊరినీ ఒక జిల్లానీ కట్టేస్తే లోపల ఎలా ఉంటుందో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే ఇదే పని మనం ఇంకొకరికి చేస్తుంటే నాకు బాధగా ఉంటోంది.

డేనిష్ వాళ్లకీ ఈ గోల ఉంది. ఆర్హుస్ వాళ్లు తెలివితక్కువవాళ్లని చెప్పే జోకులు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నాయి. ఆర్హుస్ వాళ్లే వాటిని ఇంకా బాగా చెబుతారు. కోపెన్‌హాగన్ వాళ్లకి పొగరని జట్లాండ్ వాళ్లు, జట్లాండ్ వాళ్లు ఎంత సంతోషమైనా "ఫర్వాలేదు" దాటి మాట్లాడరని కోపెన్‌హాగన్ వాళ్లు అనుకుంటారు. జర్మన్లు వేసవిలో పడమటి తీరానికొచ్చి ఇసుకలో గోతులు తవ్వుతారని, స్వీడన్ వాళ్లకి రూలు లేనిదే ఊపిరాడదని వీళ్లంటే, డేనిష్ వాళ్లు గొంతులో బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారని స్వీడన్ వాళ్లూ నార్వే వాళ్లూ అంటారు. కానీ ఆ మాటలనుకునేవాళ్లంతా ఒకరి ఇంట్లో ఒకరు తిన్నవాళ్లు, ఒకరి పిల్లల్ని ఒకరు పెళ్లాడినవాళ్లు. ఆ పరిచయం మీద ఆ మాట తేలికగా పోతుంది. మనకి ఆ పరిచయం ఇంకా ఏర్పడలేదు. పరిచయం కంటే ముందు మాట వచ్చి కూర్చుంటే ఇక పరిచయానికి చోటెక్కడ?

ముందు అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు తీసుకుంటాను: "పెట్టే చెయ్యి కాదు."

మన ఇంట్లో పద్ధతేమిటి? అతిథి మొదటిసారి వద్దంటాడు. అది మొహమాటం. రెండోసారి అడుగుతాం, "అబ్బే, ఇప్పుడే తిన్నానండి" అంటాడు. మూడోసారి అడక్కుండానే గరిట వంచుతాం. అతిథికి తెలుసు, మనకి తెలుసు, ఇదొక మర్యాద. డేనిష్ ఇంట్లో ఒక్కసారే అడుగుతారు. "నాయ్ తాక్" (వద్దు, థాంక్స్) అంటే అంతే, గిన్నె పక్కవాళ్ల దగ్గరికి పోతుంది. వద్దన్న మనిషిని మళ్లీ అడగడమంటే ఆ మనిషి మాటకి విలువ ఇవ్వకపోవడమని వాళ్ల పెంపకం. మా ఆఫీసులో కొత్తగా చేరిన మన కుర్రాడొకడు మేనేజరు ఇంటికి భోజనానికెళ్లి, మొహమాటపడి ఒక్క బంగాళాదుంపతో సరిపెట్టుకుని, ఇంటికొచ్చి అర్ధరాత్రి మ్యాగీ వండుకున్నాడు. మర్నాడు నాతో "వీళ్లకి మర్యాద తెలీదక్కా" అన్నాడు. అదే మేనేజరు తర్వాతెప్పుడో మనవాళ్ల ఇంట్లో పండగ భోజనానికొచ్చి, వద్దు మొర్రో అన్నా విస్తట్లో పడుతున్న పులిహోర చూసి దిక్కుతోచక, ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టింది పారేయకూడదని కష్టపడి మొత్తం తిన్నాడు. ఖాళీ అయ్యేసరికి మనవాళ్లు మళ్లీ వడ్డించారు. ఆయనా ఇంటికెళ్లి భార్యతో ఏదో అనే ఉంటాడు.

ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ మర్యాదస్తులే. కొత్తవాళ్లకి మనం చెప్పాల్సింది "వీళ్లు పెట్టరు" అని కాదు. "ఆకలేస్తే మొదటిసారే అవునని చెప్పు, నీ అంతట నువ్వే వడ్డించుకో, ఎవరూ తప్పు పట్టరు" అని చెప్పాలి. ఈ ఒక్క మాట తెలిస్తే ఆ కుర్రాడు ఆ రాత్రి కడుపు నిండా తినేవాడు.

కేకు సంగతీ ఇలాంటిదే. ఆఫీసుల్లో ట్రేలో చివరి ముక్క మిగిలితే ఎవరూ తీసుకోరు. ఒకరొచ్చి దాన్ని సగానికి కోసి సగం తీసుకుంటారు. ఇంకొకరొచ్చి ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. సాయంత్రానికి బొటనవేలంత ముక్క ఎండిపోయి మిగులుతుంది. దీన్ని పిసినారితనమని మనవాళ్లు వెక్కిరించడం నేను విన్నాను. నా తర్వాత వచ్చేవాళ్లకి ఉండాలి, ఆఖరిది నాకే కావాలనకూడదు, అదీ ఆ కత్తి వెనకున్న ఆలోచన. మా నాయనమ్మ గిన్నె అడుగున కాస్త అన్నం ఎప్పుడూ ఉంచేది, వేళకాని వేళ ఎవరైనా వస్తారేమోనని. నాకు ఈ రెండిటికీ పెద్ద తేడా కనపడదు.

ఇక శుక్రవారం మిఠాయి, పిల్లలకి వారంలో ఆ ఒక్కరోజే ఇచ్చే అలవాటు. "పిల్లలకి చాక్లెట్ ఇవ్వడానికి కూడా టైంటేబులా!" అని మనం ఆశ్చర్యపోతాం. అసలు మిఠాయి తలసరి ఎక్కువ తినే దేశాల్లో డెన్మార్క్ ముందు వరసలో ఉంది. సూపర్‌మార్కెట్లో ఒక గోడ నిండా గాజు మూతల పెట్టెలు, చిన్న పార, కాగితం సంచి, తూకం మీద ధర. పిల్లలు శుక్రవారం స్కూలు నుంచి వస్తూ ఆ గోడ ముందు నిలబడి ఏది ఎంత వేసుకోవాలో లెక్కేసుకునే తీరు ఒకసారి చూడండి. అది వాళ్లకి ఇచ్చిన స్వేచ్ఛ. ఆ సాయంత్రం కుటుంబమంతా సోఫాలో సర్దుకుని, 1991 నుంచి శుక్రవారాల్లో డీఆర్ చానెల్లో వస్తున్న డిస్నీ పిల్లల కార్యక్రమం చూస్తూ సంచి ఖాళీ చేస్తారు. ఆ కార్యక్రమం చూస్తూ పెరిగినవాళ్లే ఇప్పుడు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. స్వీడన్‌లో ఇదే అలవాటు శనివారం. అక్కడ దాని వెనక పళ్లు పుచ్చడం మీద 1940లలో విపెహోల్మ్ మానసిక వైద్యాలయంలో రోగుల మీద జరిగిన ప్రయోగాల చేదు చరిత్ర ఉంది. రోజూ కొంచెం కొంచెం తినడం కన్నా వారానికోసారి తినడం పళ్లకి మేలని ఆ తర్వాత ప్రచారం చేశారు. ఇక్కడ ఆ కథ ఎవరికీ పట్టదు. శుక్రవారమంటే పిల్లలకి ఎదురుచూపు, తల్లిదండ్రులకి మిగతా రోజుల్లో గొడవ లేకపోవడం.

మన ఇళ్లలో ఏమవుతోందంటే, పాప అడిగితే సోమవారమైనా ఇస్తాం, శుక్రవారం మాత్రం అందరితో కలిసి కూర్చోనివ్వం. దానికి ఒక న్యాయమైన కారణం ఉంది, ఒప్పుకుంటాను. ఆ రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది తరచుగా పంది నుంచి తీసినది. శాకాహారులకి అది కుదరదు. కానీ "వాళ్ల తిండి మనకి పడదు" అని పిల్లకి చెప్పడం వేరు, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో జెలటిన్ అనే మాట ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించడం వేరు. జెలటిన్ లేని రకాలు, వీగన్ అని రాసినవి ఇప్పుడు అదే అరలో పక్కనే దొరుకుతున్నాయి. మా పాప తన సంచి తాను నింపుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్తుంది. ఆ ఇంటావిడ కూడా ఇప్పుడు వెనక్కి తిప్పి చదివాకే కొంటోంది. అడిగితే చేస్తారు. మనం అడగం, మనసులో పెట్టుకుంటాం.

కారం సంగతి మాట్లాడదాం. 2024 జూన్‌లో ఇక్కడి ఆహార నియంత్రణ సంస్థ కొరియా సామ్‌యాంగ్ కంపెనీ బుల్డాక్ నూడుల్స్‌లో మూడు రకాల్ని దుకాణాల నుంచి వెనక్కి తెప్పించింది. మన గ్రూపుల్లో ఆ వారమంతా అదే వినోదం. గుంటూరు మిరపకాయ ఫొటో పెట్టి, ఇది చూస్తే దేశాన్నే మూసేస్తారని రాశారు. ఆ సంస్థ చెప్పిన కారణం ఎవరూ పంచుకోలేదు. ఒక్క ప్యాకెట్లో ఉన్న క్యాప్సైసిన్, అంటే మిరపలో మంట పుట్టించే పదార్థం, మొత్తం పిల్లలకి ప్రమాదమయ్యేంత ఉందని వాళ్ల అంచనా. పిల్లలు పందేలు కట్టుకుని తింటున్న కాలమది. జూలైలో మళ్లీ లెక్కచూసి రెండు రకాల్ని అనుమతించారు, అన్నిటికన్నా ఘాటైనదాన్ని మాత్రం ఆపారు. లెక్క సరిచూసుకుని నిర్ణయం మార్చుకున్నారు. పిల్లలు తినే సరుకు విషయంలో నాకు అలాంటి సంస్థే కావాలి. మన ఊళ్లలో కల్తీ కారంపొడి గురించి పత్రికల్లో చదివి గుండెలు బాదుకునేది మనమే కదా.

పైగా వీళ్లకి ఘాటు రుచులు తెలియవన్నది ఎంతమాత్రం నిజం కాదు. లక్రిస్ తిని చూడండి. అది అతిమధురం వేరు నుంచి తీసిన పాకం. దగ్గుకి మన అమ్మమ్మలు బుగ్గన పెట్టించిన అతిమధురమే. దానికి వీళ్లు కలిపేది మామూలు ఉప్పు కాదు, నవసాగరం. ఒకప్పుడు ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్లు నిప్పుల మీద గిన్నెని కాల్చి చల్లేవాళ్లే, తెల్లటి పొగ లేచి ముక్కు అదిరేది, ఆ నవసాగరం. దాన్ని మిఠాయిలో వేసుకుని నాలుగేళ్ల పిల్లలు చప్పరిస్తారు. నాలుక మీద పెట్టగానే ఉప్పగా కొడుతుంది, తర్వాత ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది, అంతా అయ్యాక ఎక్కడో లోపల తీపి తగులుతుంది. మనవాళ్లలో చాలామంది మొదటిసారి ఉమ్మేస్తారు. 2007లో బోర్న్‌హోమ్ దీవిలో మొదలైన ఒక లక్రిస్ కంపెనీ సరుకు ఇప్పుడు విమానాశ్రయాల్లో గుండ్రటి డబ్బాల్లో బహుమతిగా అమ్ముతున్నారు. ఆవకాయ జాడీ మూత తీయగానే మనకి కలిగే ఆనందం వాళ్లకి ఆ నల్లటి ముక్కలో ఉంది. ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప, గుర్రపుముల్లంగి తురుము, ముక్కు పగిలే పాత చీజు ఇవన్నీ చప్పటి మనుషుల తిండి కాదు.

రూలంటే కళ్లుమూసుకుని పాటిస్తారన్న ముద్ర కూడా తీసేయాలి. 2011 అక్టోబరులో ఇక్కడ కొవ్వు మీద పన్ను వేశారు. వెన్న, చీజు, మాంసం, ఏదైతేనేం, అందులోని సంతృప్త కొవ్వు 2.3 శాతం దాటితే కిలో కొవ్వుకి 16 క్రోనర్లు. జనం ఏం చేశారు? కార్లేసుకుని జర్మనీ సరిహద్దు దాటి వెన్న కొనుక్కొచ్చారు. 2013 జనవరి నాటికి ఆ పన్ను ఎత్తేశారు.

పసిపిల్లల్ని బయట పడుకోబెట్టడం గురించి ఒక్క మాటే. చల్లగాలిలో పిల్లలు బాగా నిద్రపోతారని, ఆరోగ్యంగా ఉంటారని వీళ్ల తాతల నాటి నమ్మకం. బాబు మందపాటి దుప్పట్లో ఉంటాడు, పక్కన బేబీ మానిటర్ ఉంటుంది, తల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది. 1997లో న్యూయార్క్‌లో ఒక డేనిష్ తల్లి ఇలాగే రెస్టారెంటు బయట స్ట్రాలర్‌లో బిడ్డని ఉంచి కూర్చుంటే పోలీసులు అరెస్టు చేశారు, బిడ్డని కొన్ని రోజులు ఆమెకి దూరం చేశారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె పద్ధతి ఏమిటని అడగలేదు, ఆమె ఎలాంటి తల్లో తేల్చేశారు.

సంతోషం గురించీ కొత్తవాళ్లు చాలా ఊహించుకుని వస్తారు. ప్రపంచ సంతోష నివేదికలో డెన్మార్క్ 2012లో, 2013లో, 2016లో మొదటి స్థానంలో ఉంది. 2018 నుంచి ఆ స్థానం ఫిన్లాండ్‌ది. ఆ నివేదికలో అడిగేది "మీ జీవితాన్ని సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన మీద ఎక్కడ పెడతారు" అని. వీధిలో ఎంతమంది నవ్వుతున్నారని కాదు. నవంబరు సాయంత్రం నాలుగింటికే చీకటి పడ్డాక బస్సులో కూర్చున్న ముఖాల్ని చూసి, ఇదేనా సంతోషం అని నిట్టూర్చే ముందు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది. ఆ బస్సులో పక్కసీటు ఖాళీగా వదిలేస్తారు, నిజమే. అదే మనుషులు స్టేషన్ మెట్ల దగ్గర పిల్లల బండితో ఒంటరిగా నిలబడితే, మాటామంతీ లేకుండా వచ్చి రెండో వైపు పట్టుకుని పైదాకా మోసి, తల ఊపి వెళ్లిపోతారు. నాకు ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు.

ఇప్పుడు వాళ్ల వైపు నుంచి. మన వల్ల వాళ్లకి కలిగే చిరాకులు మన సభల్లో ఎవరూ ఎత్తరు. నా పక్కింటివాళ్లు, నా సహోద్యోగులు, నేను గుచ్చి గుచ్చి అడిగాక చెప్పినవే ఇవి.

అన్నిటికన్నా పెద్దది సైకిల్ దారి. కారు రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య, రెండిటికీ కొంచెం ఎత్తుతేడాతో ఉంటుంది. మన కుటుంబాలు ఆదివారం సాయంత్రం కబుర్లాడుకుంటూ, పిల్లల బండి తోసుకుంటూ సరిగ్గా దాని మీదే నడుస్తాయి. వెనక గంట మోగితే కోపం, అరిస్తే "జాత్యహంకారం" అని ఇంటికొచ్చి పోస్టు. ఆ సైకిల్ మీద వచ్చే ఆవిడ ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, డేకేర్ మూసే వేళకి మూడోవాడిని తెచ్చుకోవాలని తొక్కుతోంది. ఒక్కసారిగా బ్రేకు వేస్తే పిల్లలతో సహా పడుతుంది. మన పిల్లలు సైకిల్ నేర్చుకునేటప్పుడు ఆగే ముందు చెయ్యి పైకెత్తాలి, ఎడమకి తిరగాలంటే ముందు నేరుగా అవతలి మూలకి వెళ్లి అక్కడ్నుంచి తిరగాలి అని స్కూల్లో నేర్పుతారు. పెద్దవాళ్లకి నేర్పే స్కూలు లేదు. అది మన సంఘాలు చేయాల్సిన పని.

రెండోది బట్టలుతికే గది. పాత అపార్ట్‌మెంట్లలో కింద సెల్లార్‌లో ఉమ్మడి మెషిన్లుంటాయి. గోడకి ఒక పలక, తేదీలకీ గంటలకీ రంధ్రాలు, ప్రతి ఫ్లాటుకీ తన నంబరున్న చిన్న తాళం. నీ తాళం ఆ రంధ్రంలో ఉంటే ఆ గంట నీది. ఆ తాళం ఉండగా మెషిన్ ఖాళీగా కనిపించిందని మనం బట్టలు వేసేస్తే, లేదా మన గంట అయిపోయాక బట్టలు అందులోనే వదిలేస్తే, వాళ్లకి అది దొంగతనమంత తప్పు. పోట్లాడరు. తడి బట్టలు తీసి మెషిన్ మీద పెట్టి ఒక చీటీ అంటిస్తారు. మనం ఆ చీటీని అవమానం అనుకుంటాం.

శబ్దం విషయంలో మంచి పద్ధతి ఒకటుంది. ఇంట్లో వేడుక ఉంటే మూడు నాలుగు రోజుల ముందే కింద మెట్ల తలుపు మీద కాగితం అంటించాలి: ఫలానా శనివారం మా అబ్బాయి పుట్టినరోజు, కొంచెం సందడి ఉంటుంది, ఇబ్బందైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి. అంతే. అది ఉంటే రాత్రి పదకొండైనా ఎవరూ తలుపు తట్టరు. లేకపోతే ఎనిమిదింటికే ముఖాలు మాడతాయి. రైళ్లలో నిశ్శబ్దంగా ఉండాల్సిన భాగానికి స్టిల్లెజోన్ అని రాసి ఉంటుంది. అక్కడ కూర్చుని స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్ చేయకూడదని కొత్తవాళ్లకి తెలియదు, తెలియజెప్పేవాళ్లూ లేరు. ఆరింటికి రమ్మంటే ఆరింటికే వెళ్లాలి, బంగాళాదుంపలు ఆ వేళకే ఉడికి ఉంటాయి.

పోపు వాసన గురించి మాత్రం నేను తగ్గను. ఇంగువ, ఎండుమిరపకాయలు మా ఇంట్లో వేగుతూనే ఉంటాయి. డిసెంబరులో వాళ్ల పంది మాంసం వేపుడు వాసన మెట్లన్నీ నింపినప్పుడు మనం ఏమైనా అన్నామా? తాళింపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తీస్తే చాలు, సిగ్గుపడి వంట మానాల్సిన అవసరం లేదు.

వాళ్లు తప్పే చేయరని నేను అనడం లేదు. 2016 జనవరిలో రాండర్స్ మునిసిపల్ కౌన్సిల్ తన సంస్థల్లో పంది మాంసం వంటకాలు కూడా తప్పనిసరిగా ఉండాలని ఏకంగా ఒక తీర్మానమే చేసింది. పిల్లల భోజనం ప్లేటుని రాజకీయం చేయడమది, నాకు నచ్చలేదు. భారతీయులంటే ఐటీ, కూర, పెద్దలు కుదిర్చిన పెళ్లి అని మూడు ముక్కల్లో తేల్చేసేవాళ్లు ఆఫీసుల్లో కనిపిస్తూనే ఉంటారు. అలాంటప్పుడు నేను ఊరుకోను, అక్కడికక్కడే చెబుతాను. చెబితే వింటారు, మొహం మీద సూటిగా చెప్పడం ఇక్కడ తప్పు కాదు. కానీ వాళ్లతో ఆ మాట అనాలంటే ముందు మన హాల్లో మనం శుభ్రంగా ఉండాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది పిల్లల సంగతి. ఇక్కడే పుట్టిన మన పిల్లలు వాళ్లతో పెరుగుతున్నారు, వాళ్ల భాషలో కలలు కంటున్నారు. ఇంట్లో మనం "వీళ్లింతే" అన్నప్పుడు ఆ "వీళ్లలో" తను ఉన్నానో లేదో తెలియక పాప మన ముఖం వంక చూస్తుంది. ఇక్కడ చిన్న తరగతుల్లో లాయెగ్రుప్పె అని ఒక ఏర్పాటుంది. క్లాసులో నలుగురైదుగురు పిల్లల్ని ఒక జట్టు చేస్తారు. స్నేహితులు కాకపోయినా సరే, వంతులవారీగా ఒకరింటికి ఒకరు వెళ్లి ఆడుకుని, ఏదో తిని రావాలి. పుట్టినరోజుకి పిలిస్తే క్లాసందరినీ, లేదంటే ఆడపిల్లలందరినీ, మగపిల్లలందరినీ పిలవాలన్నది చాలా క్లాసుల్లో ఒప్పందం. ఏ బిడ్డా ఒంటరిగా మిగలకూడదని పెట్టుకున్న కట్టుబాటు. ఇంటికి పిలవరని మనం అంటున్న మనుషుల కట్టుబాటే ఇది. మనవాళ్లలో కొందరు ఇల్లు చిన్నదనో, ఏం పెట్టాలో తెలియదనో తమ వంతు దాటేస్తున్నారు. ఆ పిల్లలకి రూబ్రోడ్ (ఇక్కడి రై రొట్టె) ముక్కలు, దోసకాయ, యాపిల్ పెడితే చాలు. మా ఇంటికొచ్చిన జట్టుకి సంక్రాంతికి చేసిన సకినాలు పెట్టాను. కారం లేదు, నువ్వులూ వామూ, కరకర. చుట్టలు విరిచి వేళ్లకి ఉంగరాల్లా పెట్టుకుని ఆడి, తర్వాత తినేశారు. ఒక బాబు రెండు జేబులో వేసుకెళ్లాడు, వాళ్లమ్మ మర్నాడు అవి ఎక్కడ కొంటారని మెసేజ్ పెట్టింది.

డేకేర్‌లో మాత్రం జాగ్రత్త చెప్పాలి. చాలా డేకేర్లలో చక్కెర మీద నియమం ఉంది. పుట్టినరోజుకి పండ్లో, మెత్తటి బన్నులో పట్టుకెళ్లమంటారు. మనవాళ్లు మూడంతస్తుల కేకుతో, ప్రతి పిల్లకీ చాక్లెట్ సంచితో వెళ్తారు. టీచరు వెనక్కిస్తుంది. తల్లి ఏడుస్తుంది. ఒక్క ఫోను ముందే చేసి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

ఇదే దేశం బయటి చేతుల తిండిని ఎలా తీసుకుందో కూడా చూడండి. 1850లో ఇక్కడి బేకరీ పనివాళ్లు సమ్మె చేస్తే యజమానులు ఆస్ట్రియా నుంచి పనివాళ్లని రప్పించారు. వాళ్లు తెచ్చిన పొరలు పొరల పిండి పద్ధతే ఈ రోజు ప్రపంచమంతా డేనిష్ పేస్ట్రీగా తింటోంది. వీళ్లు మాత్రం దాన్ని ఇప్పటికీ వియన్నా రొట్టె అనే పిలుస్తారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో దాచుకోలేదు.

కాబట్టి అడుగుతున్నాను. కొత్తవాళ్లతో మాట్లాడే ఆ అరగంటలో ఫిర్యాదుల బదులు ఒక కాగితం చేతికివ్వండి. సైకిల్ దారి, బట్టల గది, మెట్ల తలుపు చీటీ, "నాయ్ తాక్", జెలటిన్ ఎక్కడ రాసి ఉంటుంది, డేకేర్‌కి ఏం పట్టుకెళ్లాలి, ఇంతే ఉండాలి అందులో. సంక్రాంతి కార్యక్రమానికి మన పిల్లల క్లాసుల తల్లిదండ్రుల్ని పిలవండి. పిలిచేటప్పుడు మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా రాయండి, ఇక్కడ పిల్లల పుట్టినరోజు చీటీ మీద కూడా రెండూ ఉంటాయి. తినుబండారాల బల్ల మీద ఏది కారం, దేంట్లో వేరుశెనగ ఉంది, దేంట్లో గోధుమ ఉందని చీటీలు పెట్టండి. వేరుశెనగ పడని పిల్లలు చాలామంది ఉన్నారు. వడ్డించేవాళ్లకి ఒక మాట చెప్పి పెట్టండి, వద్దన్న ప్లేట్లో మళ్లీ వేయొద్దని.

ఆ కాగితం మొదటి ప్రతి నేను రాసి తెస్తాను. మా పాప క్లాసులో ఇద్దరు తల్లులు చదివి తప్పులుంటే దిద్దుతామన్నారు. వచ్చే కమిటీ మీటింగులో దీనికి పదిహేను నిమిషాలు ఇప్పించండి. హాలు తేదీ ఖరారు కాగానే నాకు కబురు చేయండి. ఇక్కడివాళ్ల శనివారాలు వారాల ముందే నిండిపోతాయి, వాళ్ల క్యాలెండర్లో రాయించాలి.

ఇట్లు,
బాలరుప్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి